హిజ్ర్ లోయ కొండలు మనల్ని ఏమడుగుతున్నాయి?

సర్వ స్తోత్రాలు భూమ్యాకాశాలను సృష్టించిన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!

కొంతకాలం క్రితం మా మస్జిద్‌కు ఐదు పూటలా వచ్చే ఒక పెద్దాయన ఉమ్రా చేసుకుని తిరిగి వచ్చారు. మేమంతా ఆయన్ని చాచా అని పిలుచుకుంటాం. ఇషా నమాజు తర్వాత అందరికీ ఖర్జూరాలు, జమ్‌జమ్ నీళ్ళు పంచి, ఫోను తీసి ఫోటోలు చూపించసాగారు. మస్జిదె నబవీ, ఖుబా, ఉహుద్ కొండ అయిపోయాయి. ఆ తర్వాత ఎర్రటి కొండలు వచ్చాయి. ఒక కొండ ముఖాన్ని నున్నగా చెక్కి, అందులో పెద్ద ద్వారం తీర్చారు. దాని ముందు చాచా, ఆయన బృందంలోనివారు నవ్వుతూ నిలబడి ఉన్నారు.

"ఇది మదాయిన్ సాలిహ్ మౌలానా! మదీనా నుండి బస్సులో తీసుకెళ్ళారు. సుబ్‌హానల్లాహ్! ఏం కొండలు! అల్లాహ్ ఖుద్రత్ చూడాలంటే అక్కడికే వెళ్ళాలి" అన్నారు చాచా.

మేము వెంటనే, "చాచా, అది అల్లాహ్ శిక్ష దిగిన చోటు. అక్కడ నవ్వుతూ ఫోటోలు దిగుతారా?" అన్నాం. ఆయన ముఖం చిన్నబోయింది. మారు మాట్లాడకుండా ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు ఫజ్ర్ నమాజు అయ్యాక దగ్గరకొచ్చి కూర్చున్నారు. "రాత్రంతా నిద్ర పట్టలేదు మౌలానా. ఆ ఫోటోల సంగతి సరే. అల్లాహ్ చేసిన కొండల్ని చూసి సంతోషపడటం కూడా తప్పేనా?" అని అడిగారు.

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరలేదు. పుస్తకాలు తెరిచి చూసిన కొద్దీ, జవాబులో సగం చాచాకైతే సగం మాకేనని అర్థమయింది. ఆ జవాబునే పాఠకుల ముందు ఉంచుతున్నాం.

ఆ కొండలు ఎలా ఏర్పడ్డాయి?

మదీనాకు వాయవ్య దిశలో 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తే అల్ ఉలా అనే లోయ వస్తుంది. అక్కడికి ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నదే హిజ్ర్. మదాయిన్ సాలిహ్ అన్నా అదే. దివ్య ఖుర్ఆన్‌లోని 15వ సూరాకు 'అల్ హిజ్ర్' అనే పేరు ఈ ప్రదేశం వల్లనే వచ్చింది.

ఇక్కడి కొండలు చాలావరకు ఇసుకరాతి కొండలు. సుమారు 50 కోట్ల సంవత్సరాల క్రితం నదులు, లోతు తక్కువ సముద్రాలు తెచ్చిపోసిన ఇసుక పొరలు పొరలుగా పేరుకుని, పై పొరల బరువుకు అణగి, గట్టిపడి రాయి అయింది. అందుకే ఈ కొండల మీద పుస్తకం పేజీల్లాగా అడ్డగీతలు కనిపిస్తాయి. రాతిలోని ఇనుము తుప్పు పట్టడం వల్ల ఎరుపు, నారింజ రంగులు వచ్చాయి. ఇనుము తక్కువగా ఉన్న పొరలు తెల్లగా, లేత పసుపుగా ఉండిపోయాయి.

ఇక నలుపు సంగతి. అల్ ఉలాకు పడమర వైపున భూగర్భం నుండి ఉబికి వచ్చిన లావా ఇసుకరాతి కొండల మీద పరుచుకుని, చల్లారి, నల్లరాయిగా మారింది. ఇటువంటి నల్లరాతి నేలను అరబ్బులు 'హర్రా' అంటారు. పవిత్ర మదీనా నగరం కూడా రెండు హర్రాల మధ్యనే ఉంది. హిజ్రీ 654లో, అంటే క్రీ.శ. 1256లో, మదీనా సమీపాన భూమి బద్దలై లావా పారిన ఉదంతాన్ని మన చరిత్రకారులు నమోదు చేశారు.

మరి ఈ వింత ఆకారాలు ఎక్కడి నుండి వచ్చాయి? రాతిలో నిలువునా పగుళ్ళు ఉంటాయి. పూర్వం ఈ ప్రాంతంలో ఇప్పటికన్నా ఎక్కువగా వానలు పడిన కాలాలు ఉన్నాయి. ఆ నీరు పగుళ్ళ వెంట దిగి వాటిని వెడల్పు చేసింది. ఒక్కటిగా ఉన్న కొండ క్రమంగా విడివిడి స్తంభాలుగా చీలింది. రాతిలోకి ఇంకిన తేమ ఆరిపోయినప్పుడు అందులోని ఉప్పు గడ్డకట్టి రేణువులను వదులు చేస్తుంది. అందుకే కొండ ముఖం తేనెపట్టులాగా గుంటలు పడుతుంది. వదులైన రేణువులను గాలి ఊడ్చుకుపోతుంది. మెత్తని పొర త్వరగా అరిగి, గట్టి పొర నిలిచిపోతుంది. అల్ ఉలాలోని జబలుల్ ఫీల్, అంటే ఏనుగు కొండ, ఇలా తయారైనదే. 52 మీటర్ల ఎత్తున్న ఆ బండ, తొండాన్ని నేలకు ఆనించి నిలబడిన ఏనుగులాగానే ఉంటుంది. దాన్ని ఏ మనిషీ చెక్కలేదు. ఉలీ, సుత్తీ లేకుండా, నీటి చుక్క, ఉప్పు కణం, గాలి అనే మూడు బలహీనమైన వస్తువులతో అంతటి కొండను తీర్చిదిద్దిన ప్రభువు శక్తిని ఏమని వర్ణించగలం!

చూడమన్నవాడు అల్లాహే

కాబట్టి చాచా ప్రశ్నలోని మొదటి భాగానికి జవాబు స్పష్టం. కొండల్ని చూసి ఆశ్చర్యపోవడం తప్పు కాదు. గాషియా సూరా 17 నుండి 20 వరకు ఉన్న ఆయతుల్లో అల్లాహ్ ఒంటెను, ఆకాశాన్ని, కొండలను, భూమిని పేర్కొని, మానవులు వీటిని ఎందుకు చూడటం లేదని ప్రశ్నిస్తున్నాడు. అరేబియా ఎడారిలో ప్రయాణించేవాడి కంటికి ఆనే నాలుగు వస్తువులూ ఇవే. తాను ఎక్కిన ఒంటె, తలపైన ఆకాశం, రెండు ప్రక్కలా కొండలు, కాళ్ళ క్రింద నేల. రోజూ చూసేదాన్నే మరోసారి మనసు పెట్టి చూడమని ఆజ్ఞ.

ఫాతిర్ సూరా 27వ ఆయతు మరింత వివరంగా ఉంది. కొండల్లో తెల్లని చారలు, రకరకాల ఛాయల్లో ఎర్రని చారలు, కారు నలుపు రాళ్ళు ఉన్నాయని అందులో అల్లాహ్ గుర్తు చేస్తున్నాడు. తెలుపు, ఎరుపు, నలుపు. అల్ ఉలా లోయలో నిలబడినవాడికి ఈ మూడు రంగులూ ఒకే చూపులో కనిపిస్తాయి.

ఇక్కడే మాకు గట్టి దెబ్బ తగిలింది. ఆ వెంటనే వచ్చే 28వ ఆయతు ఏది? అల్లాహ్ దాసుల్లో ఆయనకు నిజంగా భయపడేవారు జ్ఞానం కలవారేనని తెలిపే ఆయతు. ఉలమాల ఘనత గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా జల్సాల్లో, జుమా ప్రసంగాల్లో మేమంతా చదివేది దీన్నే. మేమూ ఎన్నోసార్లు చదివాం. అయితే దానికి ముందు కొండల రంగుల ప్రస్తావన ఎందుకు వచ్చిందని ఒక్కసారీ ఆగి ఆలోచించలేదు. వానను, పండ్లను, కొండల రంగులను, మనుషుల్లో, జంతువుల్లో ఉన్న వర్ణభేదాలను చూపించిన తర్వాతే అల్లాహ్ జ్ఞానం మాట ఎత్తాడు. అంటే సృష్టిని చూడటం, చూసి సృష్టికర్తకు భయపడటం, ఈ రెండూ కలిస్తేనే అది జ్ఞానం. కొండల్ని చూసి నోరారా సుబ్‌హానల్లాహ్ అన్న చాచా మొదటి మెట్టు ఎక్కారు. ఆయతులు కంఠస్థం చేసిన మేము ఆ మెట్టు దగ్గర కూడా ఆగకుండా, ఆయన్ని నలుగురిలో మందలించాం.

సమూద్ జాతి చేసిన తప్పేమిటి?

ఇప్పుడు రెండో భాగానికి వద్దాం. హిజ్ర్ ఒట్టి అందమైన లోయ కాదు. అది హజ్రత్ సాలిహ్ (అలైహిస్సలాం) వచ్చిన సమూద్ జాతివారి నేల. షుఅరా సూరా (146-149) ప్రకారం వారికి తోటలు, ఊటబావులు, పంట పొలాలు, లేత గుత్తులు వేలాడే ఖర్జూర చెట్లు ఉండేవి. వారు కొండలను తొలిచి ఇళ్ళు చేసుకునేవారు.

చాలామంది కొండను తొలవడమే వారి పాపమనుకుంటారు. అది సరికాదు. ఆరాఫ్ సూరా 74వ ఆయతులో సాలిహ్ (అ) తన జాతివారికి మైదానాల్లో భవనాలు కట్టుకోవడాన్ని, కొండల్ని చెక్కి ఇళ్ళు చేసుకోవడాన్ని అల్లాహ్ అనుగ్రహాలుగానే గుర్తు చేశారు. ఆ అనుగ్రహాలను తలచుకోమని, భూమిపై అల్లకల్లోలం రేపవద్దని హితవు పలికారు. పనితనం వరమే. ఆ వరం ఇచ్చినవాడిని మరచిపోవడంతోనే పతనం మొదలైంది.

మద్రసాలో తఫ్సీర్ పాఠంలో నేర్చుకున్న ఒక సూక్ష్మాన్ని ఇక్కడ చెప్పాలి. షుఅరా సూరా 149వ ఆయతు చివర, వారు ఇళ్ళు చెక్కుకున్న తీరును తెలిపే పదం ఒకటుంది. మనం చదివే ఖిరాఅత్‌లో దాన్ని 'ఫారిహీన్' అని దీర్ఘం తీసి చదువుతాం. ప్రామాణికమైన మరికొన్ని ఖిరాఅతుల్లో దీర్ఘం లేకుండా 'ఫరిహీన్' అని చదువుతారు. దీర్ఘంతో చదివితే పనిలో ఆరితేరినవారని, దీర్ఘం లేకుండా చదివితే గర్వంతో మిడిసిపడేవారని ముఫస్సిర్లు అర్థం చెప్పారు. రెండు పఠనాలూ సరైనవే. సమూద్ జాతి విషయంలో రెండు అర్థాలూ నిజమే. మన దగ్గర అచ్చయ్యే ముస్‌హఫుల్లో ఆ దీర్ఘం అక్షరం పైన ఒక చిన్న నిలువు గీతగా, ఖడా జబర్‌గా ఉంటుంది. నైపుణ్యానికీ గర్వానికీ మధ్య ఉన్న దూరం ఆ గీతంత! చేతిలో పనితనం ఉన్న ప్రతి మనిషీ, డాక్టరు కానివ్వండి, మేస్త్రీ కానివ్వండి, ప్రసంగం చేసే ఆలిమ్ కానివ్వండి, భయపడవలసిన దూరం అది.

తర్వాత జరిగింది మనకు తెలిసినదే. నిదర్శనంగా అల్లాహ్ పంపిన ఆడ ఒంటెను, దాని నీటి వంతును గౌరవించమని సాలిహ్ (అ) చెప్పారు. వారు దాని కాళ్ళు నరికారు. మూడు రోజుల గడువు ముగిసింది. ఒక తెల్లవారుజామున భయంకరమైన గర్జన వారిని పట్టుకుంది. కొండల్లో తొలిచిన ఇళ్ళలో నిశ్చింతగా ఉన్నామని వారు భావించారని, వారి సంపాదన ఏదీ వారికి అక్కరకు రాలేదని హిజ్ర్ సూరా (82-84) తెలియజేస్తోంది. గోడ ఎంత మందంగా ఉన్నా అల్లాహ్ ఆజ్ఞకు అడ్డు నిలవదు.

నేడు కనిపించే ద్వారాలు ఎవరివి?

పర్యాటకులు ఫోటోలు తీసుకునే ఆ చెక్కడాల గురించి ఒక వివరణ అవసరం. పురావస్తు శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం హిజ్ర్‌లో 111 పెద్ద రాతి సమాధులు ఉన్నాయి. వాటిలో 94 అలంకరణ కలవి. 2008లో యునెస్కో ఈ ప్రదేశాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సౌదీ అరేబియా నుండి ఆ జాబితాకు ఎక్కిన మొదటి ప్రదేశం ఇదే. ద్వారాల మీది శాసనాలను బట్టి ఇవి నబతీయులు అనే అరబ్బు జాతివారివని, క్రీ.పూ. 1వ శతాబ్దం నుండి క్రీ.శ. 1వ శతాబ్దం మధ్యవని తేలింది. వీరి రాజధాని నేటి జోర్డాన్‌లోని పెట్రా. సమూద్ పేరు అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే, క్రీ.పూ. 8వ శతాబ్దపు అస్సీరియా రాజు రెండవ సర్గోన్ శాసనంలో కనిపిస్తుంది.

ఇది విని కొందరు సోదరులు కలవరపడతారు. కలవరపడవలసిన పనిలేదు. ఫలానా ద్వారం సమూద్ వారిదని ఖుర్ఆన్ వేలుపెట్టి చూపలేదు. ఆ లోయ వారిదని, వారు కొండలు తొలిచారని, నాశనమయ్యారని మాత్రమే చెప్పింది. వారి తర్వాత అదే రాతి మీద మరో జాతి వచ్చి తన పనితనం చూపించింది. ఆ జాతి కూడా పోయింది. క్రీ.శ. 106లో రోమన్లు నబతీయుల రాజ్యాన్ని కలుపుకున్నారు.

నబతీయుల శాసనాల్లో ఏముందో తెలుసుకోవడం కూడా ఉపయోగకరమే. ఈ సమాధి ఫలానావారిది, ఇందులో ఫలానా కుటుంబీకులనే ఉంచాలి, దీన్ని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, అతిక్రమిస్తే దేవతల శాపం తగులుతుంది, జరిమానా కట్టాలి అనే తరహా మాటలు వాటిలో కనిపిస్తాయి. చచ్చిన తర్వాత కూడా ఆస్తిని కాపాడుకోవాలన్న తాపత్రయం! అక్కడే 'ఖస్రుల్ ఫరీద్' అనే ఒంటరి బండ ఉంది. ఆ పనివారు కొండను పై నుండి క్రిందికి చెక్కుకుంటూ వచ్చేవారు. దాని పైభాగం అద్దంలా నున్నగా ఉంది. క్రింది భాగం గరుకుగా, ఉలి దెబ్బలతో అలాగే ఆగిపోయింది. సగంలో ఆగిన ఆ పనిని చూసినవారికి, మనం రేపటికని వాయిదా వేసిన తౌబా గుర్తుకు రావాలి.

దైవప్రవక్త (స) ఆ లోయను ఎలా దాటారు?

హిజ్రీ 9వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 630లో, తబూక్ ప్రయాణంలో మహా ప్రవక్త (స) సహచరులతో కలిసి హిజ్ర్ మీదుగా వెళ్ళారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజియల్లాహు అన్హు) ఉల్లేఖనాలు సహీహ్ బుఖారీలో ఉన్నాయి. తమ ఆత్మలకు అన్యాయం చేసుకున్నవారి నివాసాల్లోకి ఏడుస్తూ తప్ప ప్రవేశించవద్దని, వారికి పట్టిన గతి మీకూ పట్టవచ్చని ప్రవక్త (స) హెచ్చరించారు. ఆ పైన తన తలను వస్త్రంతో కప్పుకుని, వాహనాన్ని వేగంగా నడిపి లోయ దాటారు. అక్కడి బావుల నీటితో కలిపిన పిండిని తినకుండా ఒంటెలకు పెట్టమన్నారు. ఆడ ఒంటె నీరు త్రాగిన బావి నుండే నీరు తోడుకోమన్నారు.

ఇమామ్ బుఖారీ (రహిమహుల్లాహ్) శిక్ష దిగిన ప్రదేశాల్లో నమాజు గురించి విడిగా ఒక అధ్యాయం పెట్టి, ఏడుస్తూ తప్ప ప్రవేశించవద్దన్న హదీసును అందులో చేర్చారు. ఎండలో అలసిపోయి, దాహంతో, ఎదుట బావులు కనిపిస్తున్నా పిండిని కూడా వదిలేసిన ఆ సహచరుల విధేయతను ఒక్కసారి ఊహించండి! వారి ముందున్నవి కూడా అవే ఎర్రటి కొండలు.

ఆ లోయలో ఏడవమన్నారంటే అర్థమేమిటి? ఎవరో ఎప్పుడో చేసిన తప్పుకు శోకాలు పెట్టమని కాదు. వారిలో ఉన్న గర్వం నాలో ఉందా, వారికి పట్టిన గతి నాకు పట్టదన్న హామీ నా దగ్గర ఏదైనా ఉందా అని తనను తాను ప్రశ్నించుకున్నవాడి కంట నీరు దానంతట అదే వస్తుంది.

చాచాకు ఇచ్చిన జవాబు

ముందుగా, నలుగురిలో మాట తూలినందుకు చాచాను క్షమించమని అడిగాం. ఆ తర్వాత ఈ నాలుగు విషయాలు విన్నవించాం.

1. ఎడారి కొండలను, వాటి రంగులను, ఆకారాలను చూడటం, ఆనందించడం, అల్లాహ్‌ను కీర్తించడం ధర్మసమ్మతమే. ఖుర్ఆన్ మనల్ని ఆ చూపు వైపు పిలుస్తోంది.

2. హిజ్ర్ లోయ సంగతి వేరు. 2020 నుండి అక్కడికి పర్యాటకుల రాకపోకలు బాగా పెరిగాయి. ఉమ్రా యాత్రికులను కూడా తీసుకువెళుతున్నారు. ప్రవక్త (స) స్వయంగా తల కప్పుకుని త్వరగా దాటిన చోటును మనం విహారస్థలంగా చేసుకోరాదు. వెళ్ళడం తటస్థిస్తే భయంతో, గుణపాఠం కోసం, తక్కువ సేపు ఉండి రావాలి. నవ్వులకు, విందులకు అది చోటు కాదు. తెలియక చేసినదానికి ఇస్తిగ్ఫార్ చేసుకుంటే చాలు. అల్లాహ్ క్షమాశీలుడు.

3. ఆధారం లేని మాటలు నమ్మవద్దు, పంచవద్దు. ఒంటె వెలువడిన బండ ఇదేనని ఎవరైనా చూపితే సహీహ్ ఆధారం అడగాలి. తైమా దగ్గర నస్లా అనే బండ నిలువునా, కత్తితో కోసినట్టు రెండుగా చీలి ఉంది. దాని గురించి ఎన్నో వింత కథలు ఫోన్లలో తిరుగుతున్నాయి. రాతిలో సహజంగా తిన్నని పగుళ్ళు ఏర్పడతాయని శాస్త్రజ్ఞులు వివరిస్తున్నారు. అల్లాహ్ శక్తిని చాటడానికి మన అబద్ధాల సాయం అక్కరలేదు.

4. ఇంత గట్టి కొండలూ శాశ్వతం కావు. ప్రళయదినాన అల్లాహ్ వాటిని దుమ్ముగా ఎగురవేసి, మిట్టపల్లాలు లేని మైదానంగా చేస్తాడని తాహా సూరా (105-107) తెలుపుతోంది. కొండకే ఆ గతి పడితే, మనం కట్టుకున్న మేడల మీద ధీమా దేనికి?

చాచా అంతా విన్నారు. ఫోను తీసి, ఆ నవ్వుల ఫోటోలను తుడిచేశారు. ఒట్టి కొండ ఉన్న ఫోటో ఒక్కటి ఉంచుకున్నారు. "దీన్ని చూసినప్పుడల్లా ఇస్తిగ్ఫార్ చేసుకుంటాను మౌలానా" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హిజ్ర్ లోయలో రాని కన్నీరు మా మస్జిద్ వసారాలో వచ్చింది.

మేము ఇంటికి వచ్చి హిజ్ర్ సూరా తెరిచాం. చిన్ననాటి నుండి ఎన్నో వందల సార్లు పారాయణం చేసిన సూరా అది. ఏ ఒక్కసారీ మా కన్ను చెమర్చిన జ్ఞాపకం లేదు. బఖరా సూరా 74వ ఆయతులో అల్లాహ్, రాళ్ళకన్నా కఠినమైపోయిన హృదయాలను ప్రస్తావించాడు. కొన్ని రాళ్ళ నుండి సెలయేళ్ళు ఉబుకుతాయని, కొన్ని పగిలి నీరు కారుస్తాయని, కొన్ని అల్లాహ్ భయంతో దొర్లి పడతాయని తెలిపాడు. ఒక్కో నీటి చుక్కే పడుతుంటే ఎడారి బండ ఏనుగు ఆకారం దాల్చింది. రోజుకు ఐదుసార్లు అల్లాహ్ వాణి మన గుండెల మీద కురుస్తోంది. అవి ఏ ఆకారం దాలుస్తున్నాయో ఎవరికి వారు చూసుకోవాలి. హిజ్ర్ లోయ కొండలు మనల్ని అడిగేది ఇదే.

ఓ అల్లాహ్! నీ సృష్టిని చూసే కన్నును, చూసి నీకు భయపడే హృదయాన్ని మాకు ప్రసాదించు. మా చేతి పనితనాన్ని మా గర్వానికి కారణం కానివ్వకు. నీ దాసులను మందలించే ముందు మమ్మల్ని మేము సరిచేసుకునే సద్బుద్ధినివ్వు. ఆమీన్.